రెండో ఏట తల్లిపాల గురించి మన పిల్లల డాక్టర్లకూ, స్త్రీవైద్యులకూ ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన శిశువైద్యులకు, స్త్రీవైద్య నిపుణులకు,

నమస్కారం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఒక తల్లి తన బిడ్డకు ఎన్నాళ్లు పాలివ్వాలన్న విషయంలో చివరి మాట ఎవరిదని అడిగితే, చాలా ఇళ్లలో "డాక్టరుగారు ఎలా చెబితే అలా" అన్న జవాబే వస్తుంది. అత్తగారు ఒకటి చెబుతారు, కన్నతల్లి మరొకటి చెబుతుంది, పక్కింటివాళ్లు తమ పిల్లల సంగతి చెబుతారు. వీటన్నిటి మధ్య ఎటూ తేల్చుకోలేక ఉన్న తల్లి బిడ్డకు జ్వరం వచ్చిందనో, టీకా వేయించాలనో మీ దగ్గరికి వస్తుంది. బరువు చూసి, మందుల చీటీ రాస్తూ, తల పైకెత్తకుండానే మీరు "ఇంకా పాలిస్తున్నావా? ఏడాది దాటింది కదా, ఇక మాన్పించెయ్యమ్మా" అంటారు. ఆ మాట ఇంటికి చేరేసరికి తీర్పు అయి కూర్చుంటుంది. దాని మీద అప్పీలు ఉండదు. ఆ సాయంత్రమే వేపాకు నూరుతారు.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైనదాన్ని. వైద్యం చదవలేదు, మీకు వైద్యం చెప్పే సాహసం చేయను. మీ గది దాటి బయటికి వచ్చిన తర్వాత మీ మాటకు ఏమవుతుందో ఏళ్ల తరబడి దగ్గరగా చూశాను కాబట్టి, ఆ సంగతి మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే: పాలు మాన్పించమని చెప్పే ముందు ఆ తల్లి ఏమనుకుంటోందో అడగండి. మాన్పించాల్సిన అవసరమే ఉంటే, ఎలా మాన్పించాలో కూడా అప్పుడే చెప్పండి.

మొదటి ఆరు నెలల విషయంలో మీ వృత్తిలోని వారు సాధించినది చిన్నదేమీ కాదు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసే ఇళ్లను నేను చూశాను. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసి, రెండు రోజులు పంచదార నీళ్లు పట్టిన ఇళ్లనూ చూశాను. ఇప్పుడు అదే ఊళ్లలో "ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టకూడదట" అని ముసలమ్మలే చెబుతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లోనూ ఆ మార్పు కనిపిస్తుంది. 2015-16లో దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో కేవలం తల్లిపాల మీద ఉన్నవారు 54.9 శాతం కాగా, 2019-21 నాటికి వారు 63.7 శాతానికి చేరారు. పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న పిల్లలు మాత్రం 41.8 శాతమే. నూటికి అరవైకి పైగా కాన్పులు ఆపరేషన్లే అయిన తెలంగాణలో ఆ మొదటి గంట గురించి వేరే లేఖే రాయాలి, ఇక్కడ దాని జోలికి పోను.

ఆరు నెలలు నిండిన దగ్గరి నుంచి తల్లి పరిస్థితి ఏమిటో చూడండి. బాలింతకు అంగన్‌వాడీలో పెట్టే భోజనం బిడ్డకు ఆరు నెలలు రాగానే ఆగిపోతుంది. కాన్పు సాయంగా కేంద్రం ఇచ్చే మాతృ వందన యోజన డబ్బులో ఆఖరి విడత, 14 వారాల దగ్గర ముగిసే మొదటి విడత టీకాలతో సరి. ఉద్యోగం చేసే తల్లికి చట్టం ఇచ్చిన 26 వారాల సెలవు అయిపోతుంది, అందులోనూ కాన్పుకు ముందు వాడుకున్న వారాలు పోగా బిడ్డ దగ్గర గడిపేది ఇంకా తక్కువ. పురిటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి ఎప్పుడో అత్తింటికి వచ్చేసి ఉంటుంది. అన్నప్రాశన జరిగిందంటే చాలు, బిడ్డ ఇక తల్లిపాల లెక్కలో లేనట్టే అందరూ చూస్తారు. ప్రభుత్వమూ బంధువులూ యాజమాన్యమూ ఒకేసారి పక్కకు తప్పుకున్నాక ఆ తల్లికి మిగిలేది మీరు. తొమ్మిదో నెల తట్టు టీకాకూ, 16 నుంచి 24 నెలల మధ్య వేసే బూస్టర్లకూ, నడుమ వచ్చే జలుబులకూ విరేచనాలకూ ఆమె వచ్చేది మీ దగ్గరికే. అందుకే ఈ లేఖ మంత్రిగారికో కలెక్టరుగారికో కాకుండా మీకు రాస్తున్నాను.

ఏడాదితో ఆపేయాలని ఏ ప్రామాణిక సంస్థా చెప్పలేదని మీకు తెలియనిది కాదు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత ఇంటి తిండితో పాటు రెండేళ్లూ, ఆపైన కూడా తల్లిపాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారత శిశువైద్యుల అకాడమీ మాట కూడా కనీసం రెండేళ్లనే. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలదీ అదే దారి. గర్భిణి చేతికి ప్రభుత్వం ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డులోనూ ఇదే ఉంటుంది. 2012లో "ఏడాది, లేదా ఇంకా ఎక్కువ" అన్న అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా 2022లో తన విధానాన్ని మార్చి, తల్లీబిడ్డలకు ఇష్టమైనంత కాలం, రెండేళ్లూ ఆపైనా పాలివ్వడాన్ని సమర్థిస్తామని ప్రకటించింది. పుస్తకాలన్నీ ఒక మాట మీద ఉండగా మన క్లినిక్కుల్లో "ఏడాది చాలు" అన్న మాట ఇంకా ఎందుకు వినిపిస్తోంది? తీరిక లేకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. గంటకు పాతిక మంది పిల్లలను చూసే గదిలో, బరువు పెరగని బిడ్డ ఏం తింటున్నాడో, ఎవరు పెడుతున్నారో, ఎన్నిసార్లు పెడుతున్నారో కనుక్కోవడం కన్నా, పాలు మాన్పించమని చెప్పడం తేలిక.

రెండో ఏడాది పాలలో ఏమీ ఉండదని, అవి నీళ్లేనని చాలామంది తల్లులతో అంటుంటారు. ఈ మాట డాక్టరు నోట కూడా వచ్చిందని చెప్పిన తల్లులు నాకు తెలుసు. కానీ ఏడాది నుంచి రెండేళ్ల మధ్య బిడ్డకు కావాల్సిన శక్తిలో మూడో వంతు వరకు తల్లిపాలు ఇవ్వగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. రోజుకు అర లీటరుకు కాస్త తక్కువ పాలు తాగినా, ఆ వయసు బిడ్డకు అవసరమైన విటమిన్ ఎలో చాలా భాగం, విటమిన్ సిలో సగానికి పైగా వాటితోనే అందుతాయి. గుడ్డూ పండూ రోజూ దొరకని ఇంట్లో అది ఎంత పెద్ద ఆసరానో మీకు చెప్పనక్కర్లేదు. జ్వరం వచ్చి ముద్ద నోట పెట్టని పిల్లవాడు కూడా రొమ్ము మాత్రం వదలడు. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్, జింకుతో పాటు తల్లిపాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వమని మీరే చెబుతారు. పదిహేను రోజుల కిందట మీ మాట మీదే మాన్పించేసిన తల్లి ఏమిచ్చి నిలబెట్టుకోవాలి? తల్లి వైపు నుంచీ ఒక లెక్క ఉంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో వెలువడ్డ విశ్లేషణలో, స్త్రీ తన జీవితంలో పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సరు ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుందని తేలింది.

"పాలు మాన్పిస్తే అన్నం తింటాడు" అన్న సలహా నేను అన్నిటికన్నా ఎక్కువ విన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. రాత్రంతా రొమ్ము నోట్లో పెట్టుకుని, పొద్దున రెండు ముద్దలకే మొహం తిప్పుకునే పిల్లలు ఉంటారు. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము బిడ్డకు సరిపోదు కాబట్టి అలాంటి పిల్లల్లో రక్తహీనత వస్తుందనే మీ భయమూ న్యాయమైనదే. అయితే ఆ ఇంట్లో అసలు ఏం వండి పెడుతున్నారో అడిగి చూడండి. 2019-21 నాటి జాతీయ సర్వే ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత, వైవిధ్యమున్న తిండి అందుతున్నవారు 11.3 శాతమే. అంటే తొమ్మిది మందిలో ఎనిమిది మందికి సరైన తిండి లేదు. వారిలో పాలు మానేసిన పిల్లలూ ఉన్నారు, తాగుతున్న పిల్లలూ ఉన్నారు. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల బిడ్డకు పెట్టేది పలచటి పప్పు నీళ్లు కలిపిన మెత్తటి అన్నం, లేదంటే టీలో ముంచిన బిస్కెట్టు. అంగన్‌వాడీ ఇచ్చిన బాలామృతం పొట్లం ఇంట్లో పెద్ద పిల్లలు కూడా తినేయడంతో వారం తిరక్కుండానే అయిపోతుంది. ఆ స్థితిలో తల్లిపాలు కూడా తీసేస్తే పిల్లవాడి పళ్లెంలోకి కొత్తగా వచ్చేదేమీ లేదు. వాటి స్థానంలోకి గేదెపాలు వస్తాయి, అవీ సీసాలో. సీసాలు సీసాలుగా పాలు తాగిన బిడ్డకు అన్నం మీద ఆకలి ఉండదు, ఆ పాలలో ఇనుమూ పెద్దగా ఉండదు. ముందు ముద్ద పెట్టి తర్వాత పాలివ్వమని, ముద్దపప్పులో నెయ్యి వేసి గట్టిగా కలపమని, గుడ్డు, ఆకుకూర, తినే ఇళ్లయితే కాలేయం వారానికి ఇన్నిసార్లు పెట్టమని, అవసరమైతే ఇనుము చుక్కలు రాసిచ్చి మీరు చెప్పగలరు. అలా చెప్పిన డాక్టర్లూ ఉన్నారు, వారి దగ్గరికి వెళ్లిన పిల్లలు పాలు మానకుండానే ఒళ్లు చేయడం కూడా నేను చూశాను.

మాన్పించడం అన్న మాట వెనక ఇంట్లో ఏం జరుగుతుందో మీ గదిలోంచి కనబడదు. మా సెక్టారులోని ఒక ఊళ్లో పద్నాలుగు నెలల పిల్లవాడికి దగ్గు వస్తే తల్లి పట్టణంలోని ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకెళ్లింది. పాలు మాన్పించమన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. మరునాడు పొద్దున అత్తగారు వేపాకు నూరి రొమ్ములకు పూయించింది. పిల్లవాడు ఒకసారి నోరు పెట్టి, చేదుకు ఉమ్మేసి, తల్లి మొహం కేసి చూసి ఏడ్చాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ ఉమ్మేశాడు. సాయంత్రానికి కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తుంటే వినలేక, పిల్లవాణ్ణి అమ్మమ్మగారి ఊరికి పంపేశారు. మూడో రోజు నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి గోడకు చేరగిలబడి, రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని కూర్చుని ఉంది. రవికె ముందు భాగమంతా తడి. రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఒకవైపు ఎర్రగా కమిలింది, ఒళ్లు కాలిపోతోంది. పాలు పిండితే మళ్లీ ఊరతాయని ఇంట్లోవాళ్లు పిండనివ్వలేదు, పైగా బిగుతుగా గుడ్డ కట్టారు. చివరకు గడ్డ అయ్యి కోత పెట్టించాల్సి వచ్చింది. పిల్లవాడు అమ్మమ్మ ఇంట్లో రెండు రోజులు సరిగా తినలేదు. ఆ దగ్గుకూ తల్లిపాలకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వేపాకు ఒక్కటే కాదు. కాకరరసం రాస్తారు, కారం రాసిన ఇళ్లూ ఉన్నాయి. కుంకుమో కాటుకో పూసి "బూచి కరిచింది" అని బిడ్డను భయపెడతారు. రాత్రికి రాత్రి తల్లిని పుట్టింటికి పంపేస్తారు. అంతకు ముందు రోజు దాకా ఆకలికీ నిద్రకూ భయానికీ దెబ్బకూ ఒకే ఓదార్పుగా ఉన్నదాన్ని ఏ హెచ్చరికా లేకుండా చేదు చేయడం బిడ్డ పట్ల న్యాయం కాదని నేను నమ్ముతాను. పెద్దవాళ్లు ఇదంతా కోపంతో చేయరు. వేరే పద్ధతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చేస్తారు. ఆ వేరే పద్ధతి మీకు తెలుసు. రోజులో బిడ్డ అంతగా పట్టించుకోని పాల వేళను ముందు తీసేసి, ఆ వేళకు ఏదైనా తినిపించి, నాలుగైదు రోజులు గడిచాక మరో వేళను తీసేయడం. అడిగితే ఇవ్వడం, అడగకపోతే మనంతట మనం ఇవ్వకపోవడం. పడుకునే ముందు పాలను అన్నిటికన్నా చివరికి వదలడం. రాత్రిపూట కొన్నాళ్లు తండ్రో నాయనమ్మో పక్కన పడుకుని జోకొట్టడం. పోతపాలు సీసాతో కాకుండా గిన్నెతోనో గ్లాసుతోనో అలవాటు చేయడం. రొమ్ము బిగిస్తే ఊరట కలిగేంత మాత్రం పిండుకోవడం, గుడ్డ బిగించి కట్టకపోవడం. బిడ్డకు ఒంట్లో బాగాలేనప్పుడు, ఇల్లు మారినప్పుడు, తల్లి కొత్తగా పనిలో చేరిన వారంలో ఇది మొదలుపెట్టకపోవడం. ఇంతా చెప్పడానికి పట్టేది ఐదు నిమిషాలు. మీకు ఆ ఐదు నిమిషాలు లేకపోతే మీ దగ్గరున్న సిస్టరు చేత చెప్పించండి. పాలు ఆరిపోవడానికి మాత్ర రాసిచ్చి పంపేయడం ఈ మాటలకు బదులు కాదు.

మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజున పాలు మాన్పించడం మన దగ్గర దాదాపు నియమమైపోయింది. కడుపుతో ఉన్నామె పాలిస్తే పైబిడ్డకు విరేచనాలు పడతాయని, కడుపులో బిడ్డకు బలం ఉండదని మన పెద్దలు నమ్ముతారు. స్త్రీవైద్యులు మీరు ఆ నమ్మకానికి ముద్ర వేయకండి. సాధారణంగా సాగుతున్న గర్భంలో పాలివ్వడం వల్ల గర్భస్రావం అవుతుందనడానికి ఆధారం లేదు. ఇంతకు ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవారికి, రక్తస్రావం కనిపిస్తున్నవారికి మీరు జాగ్రత్త చెప్పడం వేరు, ఆ తల్లికి అది అవసరం కూడా. మిగతావారికి చెప్పాల్సింది తిండి ఎక్కువ తినమని. గర్భం పెరిగేకొద్దీ పాలు వాటంతటవే తగ్గుతాయి, రుచి మారుతుంది, ఆ సమయంలో చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే వదిలేస్తారు. ఏడాది పిల్ల ఒకే రోజున అమ్మ పాలూ, ఒడిలో చోటూ రెండూ పోగొట్టుకోవాల్సిన పని లేదు.

మందుల సంగతి మరొకటి. తల్లికి జ్వరం వచ్చినా, పంటి నొప్పికి ఒక కోర్సు యాంటీబయాటిక్ రాసినా, థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టినా "మందు పాలలోకి దిగుతుంది, ఆపెయ్" అనడం నేను చాలాసార్లు విన్నాను. పారాసెటమాల్, అమాక్సిసిలిన్, థైరాక్సిన్, ఇన్సులిన్ వంటివి పాలిచ్చే తల్లి వాడుకోవచ్చని మీకు నాకన్నా బాగా తెలుసు. రేడియోధార్మిక అయోడిన్, క్యాన్సరు మందుల్లాంటి కొన్నింటికి పాలు ఆపక తప్పదు, అది ఎవరూ కాదనరు. ఏ మందుకు ఏమిటన్న సందేహం వస్తే చూసుకోవడానికి లాక్ట్‌మెడ్ వంటి ఉచిత సమాచార నిధులు మీ ఫోనులోనే దొరుకుతాయి. వారం రోజుల మందు కోసం ఆపిన పాలు చాలాసార్లు తిరిగి రావు, ఆ నిర్ణయం తల్లి తీసుకున్నది కూడా కాదు. ఇక పళ్లు పుచ్చిపోతాయన్న భయానికి, రోజూ రెండుపూటలా పళ్లు తోమమని, రాత్రి పాల తర్వాత నోరు తుడవమని చెబితే సరిపోయే చోట పాలనే మాన్పించడం ఎందుకు?

ఇదంతా చదివి, ప్రతి తల్లినీ రెండేళ్లు ఇవ్వమని ఒత్తిడి చేయాలని నేను అడుగుతున్నట్టు అనుకోవద్దు. పద్నాలుగు నెలలకే ఇక చాలనుకునే తల్లి ఉంటుంది. రాత్రికి ఐదారుసార్లు లేచి, పొద్దున్నే బస్సెక్కి పనికి వెళ్లే ఆమెకు ఆ అలసట ఎంతో ఆమెకే తెలుసు. ఒళ్లు తన చేతుల్లోకి రావాలని కోరుకునే ఆమె ఉంటుంది, మనసు బాగా లేక మందులు వాడుతున్న ఆమె ఉంటుంది, కారణం ఎవరికీ చెప్పుకోవడం ఇష్టం లేని ఆమె కూడా ఉంటుంది. ఆమె మీ గదిలోకి వచ్చి "మాన్పిద్దామనుకుంటున్నాను డాక్టరుగారూ" అన్నప్పుడు, "అప్పుడేనా? నీ బిడ్డకే నష్టం" అని మందలించే డాక్టర్లు కూడా ఉన్నారు. ఏడాదికే ఆపమన్న డాక్టరు మాట ఎంత బరువైనదో ఈ మాటా అంతే బరువైనది. ఇచ్చినన్ని నెలలూ బిడ్డకు మేలే జరిగిందని చెప్పి, నెమ్మదిగా ఎలా ఆపాలో చెప్పి, పాలు ఆపిన కొన్ని వారాల్లో కొందరికి దిగులు కమ్ముకుంటుందని, అలాగైతే రమ్మని చెప్పి పంపండి. హైదరాబాదు పాతబస్తీలో కొన్ని ముస్లిం కుటుంబాలను నేను దగ్గరగా ఎరుగుదును. రెండు నిండు సంవత్సరాలు పాలివ్వాలన్నది వారి ధర్మంలోనే ఉంది. అంతకన్నా ముందు ఆపాలనుకుంటే తల్లీ తండ్రీ ఇద్దరూ సంప్రదించుకుని ఒప్పుకుంటే తప్పు లేదన్న మాట కూడా అక్కడే ఉంది. ఆ ఇళ్లలో అత్తగార్లు ఈ విషయంలో కోడలితో గొడవ పడగా నేను చూడలేదు. గడువూ తెలుసు, ఎవరు తేల్చాలో కూడా తెలుసు.

పనిచేసే తల్లుల గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఖమ్మం, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మాఘ ఫాల్గుణ మాసాల్లో మిరప కోతకు వెళ్లే ఆడవాళ్లలో చంటిబిడ్డల తల్లులు ఉంటారు. సాయంత్రం ఇంటికి రాగానే బిడ్డ మీదికి ఎగబాకుతాడు. ఆమె చేతులు మండుతూనే ఉంటాయి, చీర నిండా మిరప ఘాటు. చేతులకు నూనె రాసి, రుద్ది కడిగి, ఒళ్లు కడుక్కుని, చీర మార్చుకుంటే తప్ప బిడ్డను ఎత్తుకోలేదు, అప్పటిదాకా వాడు గుమ్మం దగ్గర ఏడుస్తూ ఉంటాడు. ఆమెకు 26 వారాల సెలవూ లేదు, పని వేళల్లో బిడ్డను చూసుకునే శిశుసదనమూ లేదు. పగలు పాలివ్వడం కుదరదు కాబట్టి మొత్తంగా మానేయాలేమో అని ఆమె అనుకుంటుంది. పొద్దున, సాయంత్రం, రాత్రి ఇచ్చినా పాలు నిలుస్తాయని, పగటికి ఇంట్లో గట్టి తిండి పెడితే చాలని ఆమెతో అనేవారు లేరు. మీరు అనండి. నెల జీతం మీద ఉన్నవారికైతే చట్టంలో కొంత ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలంది. 2017 సవరణ 50 మంది, అంతకు పైబడి పనిచేసే చోట శిశుసదనం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవి ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన తల్లులు నాకు ఎక్కువమంది తారసపడలేదు. ఆరో నెలలో ఉద్యోగానికి తిరిగి వెళ్తున్నానని ఎవరైనా చెప్పినప్పుడు డబ్బాపాల పేరు రాసిచ్చే ముందు, పాలు పిండి దాచుకోవడం గురించీ ఈ విరామాల గురించీ ఒక మాట చెబితే, బిడ్డ రెండో ఏట అడుగు పెట్టేదాకా ఆమె నిలబడుతుంది.

డబ్బాపాల మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటవేయలేను. 1992లో వచ్చి 2003లో గట్టిపడిన మన చట్టం రెండేళ్ల లోపు పిల్లల కోసం అమ్మే పాలపొడులకూ, సీసాలకూ, డబ్బా ఆహారాలకూ ప్రకటనలు నిషేధించింది. ఉచిత నమూనాలు, వైద్య సిబ్బందికి కానుకలు, వైద్యుల సదస్సులకు ఈ కంపెనీల డబ్బు కూడా నిషేధమే. ఏడాది దాటిన పిల్లలకు "ఎదుగుదల పాలు" పేరుతో వచ్చేవాటినీ తల్లిపాలకు బదులుగా అమ్మే వస్తువులుగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. ఇవన్నీ తెలిసీ, మీ గదుల్లో కొన్నిచోట్ల ఇంకా ఆ కంపెనీ పేరున్న గోడ గడియారాలూ, బరువు పట్టికలూ కనిపిస్తాయి. తల్లి వాటి కింద కూర్చునే మీ మాట వింటుంది. వాటిని తీసేయించండి, మీ సంఘాల సభ్యులందరి చేతా తీసేయించండి.

తొమ్మిదో నెల టీకా రోజునా, ఏడాదిన్నర బూస్టరు రోజునా ప్రతి తల్లినీ మూడు మాటలు అడిగే అలవాటు మీరందరూ చేసుకోవాలని కోరుతున్నాను: బిడ్డకు పాలిస్తున్నావా, ఇంకా ఇవ్వాలని ఉందా, ఇంట్లో ఎవరైనా మానమంటున్నారా. ఆమె కొనసాగిస్తానంటే మందుల చీటీ మీదే "తల్లిపాలు కొనసాగించాలి" అని రాసి సంతకం పెట్టండి. ఇంట్లో అత్తగారి ముందు ఆ కాగితం చేసే పని మేము పాతికసార్లు ఇంటికి వెళ్లినా చేయలేకపోయాం. ఆపుతానంటే, పైన చెప్పిన నెమ్మది పద్ధతిని తెలుగులో ఒక పేజీలో అచ్చు వేయించి ఇవ్వండి. భర్త పక్కన ఉంటే అతనితో కూడా మాట్లాడండి, రాత్రి బిడ్డను జోకొట్టాల్సింది అతనే కాబట్టి. ఏటా ఆగస్టు మొదటి వారంలో జరిపే తల్లిపాల వారోత్సవాల్లో మీరు మాట్లాడేది ముర్రుపాల గురించీ, మొదటి ఆరు నెలల గురించీ. రాబోయే ఆగస్టులో మీ రెండు రాష్ట్రాల సంఘాలూ ఒక రోజును రెండో ఏటికి కేటాయించి, ఏఎన్ఎంలనూ ఆశా కార్యకర్తలనూ అంగన్‌వాడీ టీచర్లనూ మీ పక్కన కూర్చోబెట్టుకుని, పాలు మాన్పించడం ఎలాగో అందరం ఒకే మాట చెప్పేలా ఆ ఒక్క పేజీని తయారు చేయమని మనవి చేస్తున్నాను. దాన్ని ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడానికి మా టీచర్లు సిద్ధంగా ఉన్నారు, రిటైరైన నాలాంటివాళ్లమూ వస్తాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజరు